ఓడ దిగిన ఎనిమిది గంటలు

మా చిన్నమ్మ ఆదివారం పూట శామీర్‌పేట చెరువు దారిలో మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. సెలవుల్లో నేనూ వెళ్ళి బొగ్గులు ఊదుతుంటాను. ఒక ఆదివారం సిటీ నుంచి తెగ కార్లు వచ్చాయి. "చిన్నమ్మా, ఇయ్యాల మస్తు గిరాకీ ఉంటది" అన్నాను. ఆమె విసనకర్ర ఆపకుండానే, "ఎన్ని కార్లు వచ్చినయో కాదు బిడ్డా, ఎన్ని ఆగినయో చెప్పు" అంది. ఆ రోజు నిజంగానే గిరాకీ లేదు. వచ్చినవాళ్ళంతా ఇంటి నుంచే డబ్బాలు తెచ్చుకున్నారు. కట్ట మీద ఫోటోలు దిగి, చిప్స్ ప్యాకెట్లు అక్కడే పడేసి, చీకటి పడకముందే వెళ్ళిపోయారు.

ఈ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఎక్కడో తెలుసా? కరీబియన్ సముద్రంలో, సెయింట్ మార్టిన్ అనే చిన్న దీవిలో. అక్కడ మాత్రం ఆగకుండా పోయే కారు నేనే.

పోయిన డిసెంబరులో సెమిస్టర్ పరీక్షలు అయ్యాక అమ్మ, నాన్నలతో కలిసి ఫ్లోరిడాలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళాను. బావ అందరికీ క్రూయిజ్ బుక్ చేశాడు. శనివారం సాయంత్రం మయామీలో ఎక్కడం, ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ అక్కడే దిగడం. మన కాలేజీలో ఎమ్మెస్‌కి వెళ్ళబోయేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, రేపు మీలో ఎవరో ఒకరు ఇలాంటి ఓడ ఎక్కుతారు. అందుకే ఈ వ్యాసం. ఓడ ప్రయాణికుడికి ఒక దీవి ఎలా కనిపిస్తుంది, ఆ రోజు లోపల లోపల ఎలా నడుస్తుంది, ఏం చూసుకోవాలి, ఇవన్నీ నేను చూసినంత మేరకు చెబుతాను.

ముందు కాగితాల సంగతి

అమెరికా నుంచి ఓడ ఎక్కి దీవులకు వెళ్ళడమంటే దేశం దాటి మళ్ళీ దేశంలోకి రావడమే. బీచ్‌కి పోయి వచ్చినట్టు కాదు. మా అమ్మానాన్నలకు, నాకు టూరిస్టు వీసా, ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. ఎఫ్‌-1 వీసా మీద చదివేవాళ్ళయితే వీసా గడువుతో పాటు ఐ-20 మీద కాలేజీ అధికారి చేసే ప్రయాణ సంతకం కూడా చూసుకోవాలి. ఆ సంతకం మామూలుగా ఏడాది చెల్లుతుంది. ఓపీటీలో ఉంటే ఆరు నెలలే. ఇక ఒక్కో దీవి ఒక్కో దేశం కింద ఉంటుంది, దేని రూల్ దానిదే. కాబట్టి టికెట్ కొనేముందే మన పాస్‌పోర్టుకి ఆ దీవుల్లో దిగే వీలుందో లేదో కంపెనీని అడగాలి. ఎక్కే రోజు రేవులో అడిగి లాభం లేదు.

రెండు రోజుల నీళ్ళు

మయామీ నుంచి సెయింట్ మార్టిన్ దాదాపు రెండు వేల కిలోమీటర్లు. రెండు రోజులు పూర్తిగా సముద్రం మీదే. ఓడలో మేము 3,800 మందిమి. బహదూర్‌పల్లిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ మొత్తం లేచి నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా తిండే తిండి. అది టికెట్‌లోనే కలిసి ఉంటుంది. అందుకే బావ మొదటి రోజే గీత గీసేశాడు: "తమ్మీ, తిండి ఈడనే ఫ్రీ. బయట డాలర్ ఖర్చు పెట్టినోడు పిచ్చోడు." అందరం తల ఊపాం.

రెండో రాత్రి నిద్ర పట్టక, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న పుస్తకాలు చదువుతూ కూర్చున్నాను. ఈ సముద్రంలోకి మనవాళ్ళు ఓడల్లో రావడం కొత్త కాదని అప్పుడు తెలిసింది. బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటల్లో కూలీలు కావలసివచ్చి, 1853 నుంచి ఫ్రెంచి వాళ్ళు మన తీరం నుంచి మనుషులను మార్టినీక్, గ్వాడెలూప్ దీవులకు తీసుకెళ్ళారు. 1880ల దాకా మార్టినీక్‌కి సుమారు 25 వేల మంది, గ్వాడెలూప్‌కి సుమారు 42 వేల మంది భారతీయులు చేరారు. అందులో ఎక్కువ తమిళులు, వాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. మద్రాసు రేవు నుంచి బ్రిటిష్ గయానా, ట్రినిడాడ్‌లకు వెళ్ళినవాళ్ళలోనూ మనవాళ్ళు ఉన్నారు. నెలల తరబడి ఓడ ప్రయాణం, ఐదేళ్ళ ఒప్పందం. చాలామంది తిరిగి రానే లేదు. మాకు మాత్రం ఒక్కో దీవిలో ఎనిమిది గంటలు, మెడలో ఓడ కార్డు. బాల్కనీలోంచి చీకట్లో ఆ నీళ్ళను చూస్తుంటే చాలాసేపు ఏమీ మాట్లాడాలనిపించలేదు.

దీవి ఎంత, మేమెంత

మంగళవారం పొద్దున లేచేసరికి ఎదురుగా ఆకుపచ్చ కొండలు. సెయింట్ మార్టిన్ మొత్తం 87 చదరపు కిలోమీటర్లే. 2007లో ఏర్పడినప్పుడు మన జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం సుమారు 650. అంటే అప్పటి మన సిటీలో ఏడో వంతు కూడా లేని నేల. దాన్ని రెండు దేశాలు పంచుకున్నాయి. ఉత్తరం 53 చదరపు కిలోమీటర్లు ఫ్రాన్స్‌ది, దక్షిణం 34 నెదర్లాండ్స్ రాజ్యంలోది. 1648లో ఒప్పందం రాసుకున్నారు. మధ్యలో గేటు లేదు, చెకింగ్ లేదు, బోర్డు దాటితే దేశం మారినట్టే. డచ్ భాగం 2010 అక్టోబరు 10 నుంచి సొంత ప్రభుత్వం ఉన్న దేశంగా ఆ రాజ్యంలో కొనసాగుతోంది. అక్కడ 2025 మార్చి నుంచి కరీబియన్ గిల్డర్ అనే కొత్త కరెన్సీ వచ్చింది గానీ, అందరూ డాలర్లే తీసుకుంటారు. వీధిలో వినబడేది ఇంగ్లిషే.

మా ఓడ ఆగింది డచ్ వైపు, ఫిలిప్స్‌బర్గ్ రేవులో. దిగి చూస్తే పక్కన ఇంకో మూడు ఓడలు, ఒక్కోటీ పది పదిహేను అంతస్తులు. నాలుగింటిలో కలిపి పన్నెండు వేల మందికి తక్కువ ఉండరని బావ లెక్క కట్టాడు. డచ్ వైపు జనాభా నలభై వేల పైచిలుకు. అంటే ఊరి జనాభాలో పావు వంతుకి పైగా కొత్త మనుషులు ఒక్క పొద్దునే దిగి, సాయంత్రానికి మాయమవుతారు. సీజన్‌లో ఇంతకంటే ఎక్కువ ఓడలు వచ్చే రోజులు కూడా ఉంటాయట. నాకు వెంటనే మన కాలేజీ బస్సులు గుర్తొచ్చాయి. సాయంత్రం అన్నీ ఒకేసారి గేటు దాటితే బహదూర్‌పల్లి చౌరస్తా ఎట్లుంటుంది? ఆ చౌరస్తాని ఒక దీవి అనుకోండి, అంతే.

ఫ్రంట్ స్ట్రీట్

రేవు నుంచి ఊళ్ళోకి నడిస్తే ఇరవై నిమిషాలు. నీళ్ళ టాక్సీలు కూడా ఉన్నాయి. ఊరంటే సముద్రానికీ వెనకాల ఉప్పు చెరువుకీ మధ్య ఇరుకైన ఇసుక పట్టీ. సముద్రం వైపు ఫ్రంట్ స్ట్రీట్, దాని వెనక బ్యాక్ స్ట్రీట్. ఫ్రంట్ స్ట్రీట్‌లో 1793లో కట్టిన కోర్టు భవనం ఉంది, దాని నెత్తి మీద అనాసపండు బొమ్మ. మిగతా వీధంతా వజ్రాలు, గడియారాలు, కెమెరాలు, సెంట్లు. దీవి అంతా దిగుమతి సుంకం లేని రేవు కాబట్టి అమెరికా వాళ్ళు ఇక్కడ కొనడానికి ఇష్టపడతారు.

చాలా దుకాణాల్లో మన దేశం ముఖాలే. సింధీ వ్యాపారులు ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ స్థిరపడ్డారు. ఒక నగల షాపాయన అమ్మ చీర చూసి హిందీలో పలకరించాడు. హైదరాబాద్ అనగానే, "ముత్యాల ఊరి నుంచి వచ్చి నా దగ్గరేం కొంటారు!" అని నవ్వి కుర్చీలు వేశాడు. ఆయన గల్లా పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. నెల మొత్తం ఏ రోజు ఏ ఓడ వస్తుంది, ఎన్నింటికి పోతుంది అని. "ఇదే నా పంచాంగం. ఓడ లేని రోజు షట్టర్ సగమే లేపుతా" అన్నాడు. తుఫానుల కాలం, అంటే సెప్టెంబరు వైపు, చాలా రోజులు ఆ కాగితంలో గళ్ళు ఖాళీగానే ఉంటాయట.

అక్కడి వాళ్ళ భయం ఊరికే కాదు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను గంటకు 295 కిలోమీటర్ల గాలితో ఈ దీవి మీదుగా పోయింది. ఎయిర్‌పోర్టు టెర్మినల్ దెబ్బతింది, ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. ఆ డిసెంబరులో గానీ ఓడలు మళ్ళీ రాలేదు. 2020 మార్చిలో కోవిడ్‌తో ప్రపంచమంతా క్రూయిజ్‌లు ఆగిపోయాయి. ఒకే పంట వేసిన రైతుకి వాన మొహం చాటేస్తే ఏమవుతుందో, ఓడల మీదే బతికే దీవికి అదే అయింది.

డబ్బు ఏ దారిన పోతుంది

పన్నెండు వేల మంది దిగారంటే దీవికి పండగే అనుకుంటాం. కానీ లెక్క అంత సూటిగా లేదు. ఓడ కంపెనీ ఒక్కో ప్రయాణికుడి పేరున రేవుకి రుసుము కడుతుంది. అది ఖాయంగా వచ్చే డబ్బు. ఆ తర్వాతదంతా మనం ఎక్కడ ఆగామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఓడలోనే టూరు కొంటే అందులో గణనీయమైన కమీషన్ కంపెనీకి పోయి, మిగిలింది స్థానిక వ్యాన్ యజమానికి చేరుతుంది. ఓడలో 'ఈ షాపుల్లో కొనండి' అని మ్యాప్ పంచుతారు. మామూలుగా అందులో పేరు ఉండాలంటే షాపులు డబ్బు కట్టాలి. తిండి, పడక, రాత్రి ఆటపాటలు అన్నీ ఓడలోనే. ఆ ఓడలేమో ఎక్కువగా బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల జెండా కింద రిజిస్టర్ అయి ఉంటాయి. కొన్ని కంపెనీలు బహామాస్‌లో సొంతంగా వాడుకునే దీవులే తయారుచేసుకున్నాయి. అక్కడ గొడుగు అద్దె నుంచి సోడా దాకా అమ్మేది కంపెనీయే.

దిగిన మనిషి ఓడలోనే తిని, ఓడ చెప్పిన బస్సెక్కి, ఓడ చూపిన షాపులో కొని తిరిగి ఓడెక్కితే, దారి పక్కన బండి పెట్టుకున్నవాళ్ళకి మిగిలేది ఏమిటి? ఇది నాకు పుస్తకంలో తట్టలేదు. బోర్డ్‌వాక్ మీద తట్టింది.

అక్కడ ఒక పెద్దావిడ చిన్న బండి మీద జానీ కేకులు వేయిస్తోంది. మైదాపిండి ముద్దలు నూనెలో పొంగుతున్నాయి. నేను ఫోన్ తీసి రెండు ఫోటోలు కొట్టి ముందుకు నడిచాను. ఆవిడ ఏమీ అనలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. అలవాటైన ముఖంతో ఇంకో ముద్ద నూనెలో వేసింది. వెనక నుంచి అమ్మ పిలుపు: "ఆగురా! ఆమె ఏమన్న బొమ్మనా? చిన్నమ్మ బండిని ఎవడన్న గట్లనే ఫోటో కొట్టుకొని పోతే నీకెట్లుంటది?"

ఆగాను. బావ గీసిన గీత అక్కడే చెరిగిపోయింది. ఐదు జానీ కేకులు, ఒక్కోటి రెండు డాలర్లు. మంగళవారం కదా, అమ్మ చేత్తో సైగలు చేసి నూనె సంగతి, మాంసం సంగతి అడిగి ఖాయం చేసుకుంది. తియ్యటి పూరీలాగే ఉంది, కాస్త మందం. పక్కనున్న సీసాలో గోధుమ రంగు జ్యూస్ ఏమిటని రుచి చూస్తే చింతపండు! బెల్లం వేసిన మన పానకానికి దగ్గర చుట్టం. అమ్మ రెండు గ్లాసులు తీసుకుని, "ఇంత దూరమొస్తే ఇంటి చింతపండే" అని తెలుగులోనే చెప్పింది. ఆవిడ ఇంగ్లిషులో ఏదో చెప్పింది. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

చెరువు కథ

ఊరి వెనకాల ఆ ఉప్పు చెరువు గురించి ఒక్క మాట. డచ్ వాళ్ళు 1630లలో ఇక్కడికి వచ్చింది ఈ ఉప్పు కోసమే. చేపలు నిల్వ చేయడానికి యూరప్‌కి ఉప్పు కావాలి. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఎండలో, ఉప్పు నీళ్ళలో నిలబడి దాన్ని ఏరేవారు. ఫ్రెంచి వైపు బానిసత్వం 1848లో రద్దయింది, డచ్ వైపు చట్టప్రకారం 1863లో. మధ్యలో గోడ లేని దీవి కదా! 1848లోనే డచ్ వైపు నుంచి కొందరు సరిహద్దు దాటి స్వేచ్ఛ తీసుకున్నారు. మిగతావారినీ పట్టి ఉంచడం యజమానులకు కష్టమైపోయింది. ఉప్పు పని 1949లో ఆగిపోయింది. ఆ తర్వాత హోటళ్ళు, విమానాలు, ఓడలు వచ్చాయి. ఉప్పు ఏరినవాళ్ళ విగ్రహాలు ఊళ్ళో ఒక చౌరస్తాలో ఉన్నాయి. మా వ్యాన్ అటు తిరిగినప్పుడు చూశాను. చాలామంది సెల్ఫీల హడావిడిలో ఉన్నారు.

ఇప్పుడు ఆ చెరువు ఒడ్డునే దీవి చెత్తంతా గుట్టగా పడుతుంది. నీళ్ళు సముద్రపు ఉప్పు తీసి తయారుచేసుకోవాలి, తిండి చాలావరకు ఓడల్లో రావాలి, చెత్త మాత్రం పోవడానికి చోటు లేదు. మన మేడ్చల్ వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సిటీ చెత్త జవహర్‌నగర్‌కి వస్తే ఆ గాలి ఎట్లుంటుందో మనకి తెలుసు.

మాహో, ఆ తర్వాత గడియారం

ఓడలో మాహో బీచ్ టూరు మనిషికి 59 డాలర్లు. మేము బ్యాక్ స్ట్రీట్‌లో పబ్లిక్ వ్యాన్ ఎక్కాం, మనిషికి రెండు డాలర్లు. నెంబర్ ప్లేటు మీద బస్ అని ఉంటుంది, అద్దం మీద ఊరి పేరు ఉంటుంది. మన షేర్ ఆటో లెక్కనే. మాహోలో రన్‌వే మొదలయ్యేది బీచ్‌కి ఆనుకునే. విమానం దిగుతుంటే చక్రాలు నెత్తికి తగులుతాయా అనిపిస్తుంది. ఎగిరేటప్పుడు కంచె దగ్గర నిలబడటం మాత్రం చాలా ప్రమాదం. ఇంజన్ గాలికి 2017 జులైలో ఒక మహిళ చనిపోయింది. హెచ్చరిక బోర్డులున్నా కుర్రాళ్ళు కంచె పట్టుకుని వేలాడుతూనే ఉన్నారు. మేము దూరంగా రెండు కుర్చీలు, ఒక గొడుగు అద్దెకు తీసుకుని కూర్చున్నాం.

తిరుగు దారిలో అసలు కథ. సింప్సన్ బే దగ్గర పడవలు పోవడానికి వంతెన ఎత్తారు. రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. నా ఫోన్ చూస్తే 4:50. ఓడ ఎక్కాల్సిన ఆఖరి టైము 4:30! నా కాళ్ళలో వణుకు మొదలైంది. ఓడ వాళ్ళ టూరు అయితే లేటైనా ఆగుతారు. సొంతంగా తిరిగేవాళ్ళ కోసం ఓడ ఆగదు. అక్క ముఖం తెల్లబోయింది. అమ్మ కళ్ళు మూసుకుని, "గండి మైసమ్మ తల్లీ, నీ గుడికొస్తా, ఓడ కాడికి చేర్చు" అని మొక్కేసింది. బావ ఒక్కడే, "పబ్లిక్ వ్యాన్ ఎక్కుదామన్నది ఎవరు?" అని నా వైపు చూశాడు.

నాన్న మాత్రం కిటికీలోంచి పడవలు చూస్తున్నాడు. "ఇంకా పదకొండు తక్కువ నాలుగే కదరా, ఎందుకు లొల్లి?" అని చేతి గడియారం చూపించాడు. ముప్పై ఏళ్ళ నాటి హెచ్‌ఎంటీ. అది ఆగిపోయిందనుకున్నాం. డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూసి ఒకటే అడిగాడు: "ఓడ టైమా, దీవి టైమా?"

అప్పుడు వెలిగింది. డిసెంబరులో ఈ దీవి మయామీ కంటే గంట ముందుంటుంది. మా ఓడ మాత్రం వారమంతా మయామీ టైమే పాటిస్తుందని పొద్దున మైకులో చెప్పారట. నేను వినలేదు. నా ఫోన్ ఇక్కడి టవర్ పట్టుకుని తనంతట తాను గంట ముందుకు జరిగింది. నాన్న గడియారానికి టవర్ తెలియదు, అందుకే అది సరైన టైము చెప్పింది. కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదివే నేను టైమ్ జోన్ దగ్గర ఓడిపోయాను. ఇదే తారుమారై, ఓడ దీవి టైముకి మారి, ఫోన్ మయామీ టైములోనే ఉండి ఉంటే, మేము నిజంగానే రేవులో నిలబడి ఓడకి టాటా చెప్పేవాళ్ళం. కాబట్టి దిగేటప్పుడు గుర్తుపెట్టుకోండి: ఆ రోజు ఓడ ఏ టైము పాటిస్తుందో గేటు దగ్గర అడగండి, ఫోన్‌ని నమ్మకండి, పాస్‌పోర్టు కాపీ జేబులో ఉంచుకోండి, ఆఖరి టైముకి గంట ముందే ఊళ్ళో ఉండండి. మేము 4:15కి, ఓడ టైములో, రేవు చేరాం.

ఆ రాత్రి లెక్క

రాత్రి ఓడలో కూర్చుని ఖర్చు రాశాను. వ్యాన్లకి 20 డాలర్లు, కుర్చీలు గొడుగుకి 20, జానీ కేకులు, జ్యూస్‌కి 16, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలకి 15. ఐదుగురం కలిసి ఆ దీవిలో వదిలింది 71 డాలర్లు. ఓడలో వైఫై ప్యాకేజీకే బావ అంతకంటే ఎక్కువ కట్టాడు. ఈ అంకె చూసి సిగ్గుపడ్డానని చెప్పను. మాది డాలర్లు వెదజల్లే కుటుంబం కాదు. కానీ ఆ 71లో ప్రతి డాలరూ ఎవరి చేతికి వెళ్ళిందో నాకు తెలుసు, వాళ్ళ ముఖాలు గుర్తున్నాయి. అమ్మ ఆపకపోతే అందులో 16 తగ్గి, నా ఫోన్‌లో రెండు ఫోటోలు మాత్రం ఉండేవి.

మీరు వెళితే ఎక్కువ ఖర్చు పెట్టమని నేను అనను. ఓడలో టిఫిన్ తిన్నా, మధ్యాహ్నం ఒక్క పూట దిగిన ఊళ్ళో తినండి. ఊరివాళ్ళు ఎక్కే బండి ఎక్కండి. ఫోటో తీసేముందు అడగండి. తీసుకెళ్ళిన నీళ్ళ సీసా తిరిగి తెచ్చుకోండి. ఈ నాలుగూ శామీర్‌పేట చెరువుకి వెళ్ళినా పనికొస్తాయి.

వచ్చాక అమ్మ ముందు గండి మైసమ్మ మొక్కు తీర్చుకుంది. ఆ ఆదివారమే నేను చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి బొగ్గులు ఊదుతూ అంతా చెప్పాను. పన్నెండు వేల మంది, నాలుగు ఓడలు, జానీ కేకులు, వంతెన, హెచ్‌ఎంటీ. ఆమె కంకి తిప్పుతూ విని, చివరికి ఒక్కటే అడిగింది:

"మరి ఆ ముసలమ్మకి ఆ దినం ఎన్ని ఆగినయట?"

నేను అడగలేదు.